విప్పిన మగ్గం

విజయనగరంలో మా పేటలోని జూట్ మిల్లు మూతపడి అప్పటికి కొన్నేళ్లయింది. ఒక మధ్యాహ్నం శ్రీకాకుళం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. ఏమైందని అడిగాను. ఆయనకు వినపడలేదు. గట్టిగా మళ్లీ అడిగాను.

"జూట్ మిల్లులో మగ్గం ఇప్పుతన్నప్పుడు తెగింది బాబూ," అన్నాడు.

మిల్లు తెరుస్తున్నారనుకుని సంతోషంగా ఆ మాటే అడిగాను.

"తెరవడానిక్కాదు. పాత ఇనుముకి అమ్మేశారు. ముక్కలు సేసి లారీలకెత్తుతన్నారు."

"మీరు అందులోనే పనిచేసేవారా?"

"పెళ్లికి ముందే సేరాను. ఆ మగ్గం మోతకే సెవులు పోయాయి. ఇప్పడానికి మనుసులు కావాలంటే నాతో పనిసేసినోళ్లెవరూ రామన్నారు. నన్నూ ఎల్లొద్దన్నారు. ఎల్లానని ఇప్పుడు నాతో మాటాడ్డం లేదు." అరచేతి గుడ్డ బిగించుకున్నాడు. "బయటోళ్లయితే సుత్తితో బాదేస్తారు బాబూ. నేను ఒక్కో నట్టూ ఇప్పి, మెల్లగా కిందకి దించాను. తప్పు సేశానంటావా?"

ఆయన జవాబు కోసం నా పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. రణస్థలం రాగానే లేచి, సీట్లు పట్టుకుంటూ దిగిపోయాడు.

మిల్లు స్థలంలో తరవాత ఇళ్ల ప్లాట్లు వేశారు. ఒకటి కొనమని మా బావమరిది నన్ను తీసుకెళ్లి, వెడల్పాటి రోడ్లూ నీళ్ల పైపులూ చూపించాడు. మగ్గాలు ఎటువైపు ఉండేవని అడిగాను. అక్కడున్నవాళ్లెవరికీ తెలియలేదు. కొనకుండానే వచ్చేశాను.