పదకొండు గంటలకు పడాల్సిన పేషెంటు

ఒక ఊరిని ఆపదల నుంచి కాపాడదామని వెళ్ళి, ఆ ఊరి చేతికే చిక్కి నేను ఎంత అల్లరిపాలయ్యానో చెబుతాను. నవ్వుకోండి, ఏమీ అనుకోను.

అప్పటికి నేను సమాజసేవలో డిగ్రీ పుచ్చుకొని తిరుపతిలోని ఒక స్వచ్ఛంద సంస్థలో కొత్తగా చేరాను. మెడలో విజిల్, తల నిండా జ్ఞానం. పుత్తూరుకు అరగంట దూరంలో, మామిడి తోటల మధ్య ఉన్న ఊరికి నన్ను పంపారు. ముందటేడు కోతల్లో చెట్టు మీంచి పడిన మునెయ్య, బండి దొరక్క పొద్దుగూకేదాకా తోటలోనే మూలిగాడట. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. ఆ నడక చూస్తే నాకు నిజంగానే బాధేసింది.

అందుకే ఊళ్ళో ఉన్నవన్నీ ఒకచోటికి తెచ్చాను. ఎవరైనా పడితే పాలకేంద్రం ఆడవాళ్ళు విజిల్ ఊదాలి, పంచాయతీ మైకులో కబురు వినిపించాలి, బడివాళ్ళు స్ట్రెచర్‌గా బెంచీ ఇవ్వాలి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వ్యాను రావాలి. ఉత్తుత్తి ప్రమాదంతో ఇదంతా ఒకరోజు చేసి చూపాలి, అదే డ్రిల్లు. ఫ్యాక్టరీవాళ్ళు వ్యాను ఇచ్చింది ఆ ఒక్కరోజుకే. డ్రిల్లు చూసి తిరుపతి నుంచి వచ్చే అధికారి మెచ్చితే, కోతలయ్యేదాకా ఊరికి సొంతంగా ఒక బండి వస్తుంది. మెచ్చకపోతే మళ్ళీ మునెయ్య కథే.

శిక్షణలో గొంతు చించుకొని మరీ చెప్పాను. "దెబ్బ తగిలినవాళ్ళు 'నాకేం కాలేదు, వదలండి' అంటారు. అస్సలు వినకండి!"

నా జీవితంలో నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు మరొకరు లేరు.

డ్రిల్లు పదకొండింటికి. పేషెంటుగా పడాల్సింది నేనే. మనం ఏది చేసినా ఘనంగా చేయాలి కదా! తొమ్మిదింటికే తోటలోకి పోయి, ప్యాంటుకు కుంకుమ నీళ్ళు పూసుకొని, చెట్టు కింద పడి మూలగడం ప్రాక్టీసు చేశాను. బాగా కుదిరింది. అటుగా వస్తున్న పాలకేంద్రం ప్రెసిడెంటు సరోజమ్మ చూసి నిజమనుకునేంత బాగా కుదిరింది.

"అయ్యో! సారు నిజంగానే పడిపోయినాడే!"

విజిల్ మోగింది. మైకు అరిచింది. నేను లేచి నిలబడేలోపే బెంచీ వచ్చింది.

"అక్కా, నాకేం కాలేదు!"

"ఆ మాటే అంటారని నువ్వే చెప్పినావు గదా సారూ. పడుకో!"

"ఇది ప్రాక్టీసు! డ్రిల్లు!"

"డ్రిల్లు పదకొండుకు. ఇప్పుడు తొమ్మిదే. పాపం, తలకు గూడా తగిలినట్టుండాది. గట్టిగా కట్టండప్పా!"

తాళ్ళతో బెంచీకి కట్టేశారు. "పోనీ ఆస్పత్రికి తీసుకుపోండి" అని బతిమాలాను. "ఎముక విరిగితే పుత్తూరు కట్టు కాకుండా ఇంగ యాడికి?" అని నలుగురూ కోప్పడ్డారు. వ్యానులో మునెయ్య నా తల ఒళ్ళో పెట్టుకొని, "బయపడొద్దు నాయనా, నీకు నా మాదిరి కానియ్యను" అన్నాడు.

పుత్తూరులో తాళ్ళు విప్పగానే పారిపోదామని దూకాను. చీలమండ నిజంగానే బెణికింది. కట్టు కట్టే పెద్దాయన పట్టి చూసి, "ఎముక బాగుండాది, బెణుకంతే" అని ఆకు పసరు, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు.

సరిగ్గా అప్పుడే తిరుపతి నుంచి వస్తున్న అధికారి నాకు ఫోన్ చేశాడు. ఫోన్ సరోజమ్మ దగ్గరుంది. "మా సారు పడిపోయినాడు సార్. పుత్తూరులో దిగండి."

ఆయన దిగాడు. బెంచీ మీద నన్ను చూశాడు. నేను జరిగిందంతా కక్కేశాను. బండి ఇక పోయినట్టేననుకున్నాను.

"అంటే, ఇది ప్రాక్టీసని వీళ్ళకు తెలీదా? విజిల్ ఊదినప్పట్నుంచి ఈడికి ఎంతసేపు?"

"నలబై నిమిషాలు సార్" అంది సరోజమ్మ. "దార్లో రైలు గేటు పడింది, లేకుంటే ముందే వచ్చుందుము."

ఆయన పగలబడి నవ్వాడు. "చెప్పి చేసే డ్రిల్లులు శానా చూసినాను. ఇట్లాంటిది చూడలా. బండి మీదే!"

మునెయ్య తలపాగా ఎగరేశాడు. ఆడవాళ్ళ ఈలలు, చప్పట్లు! నేను కూడా కట్టుకాలు మరిచిపోయి బెంచీ మీద గెంతబోయాను. ఇంతలో సరోజమ్మ చెయ్యెత్తింది.

"అంతా బాగుండాది గానీ, పదకొండు గంటల డ్రిల్లు మాటేంది? సారు కాలు ఇట్లాయె. మరి ఎవురు పడతారు?"

వెంట వచ్చిన ఊరివాళ్ళంతా అధికారి వైపు తిరిగారు. మునెయ్య అప్పటికే నన్ను దింపి బెంచీ ఎత్తుతున్నాడు. ఆయన జీపులోకి ఎంత వేగంగా ఎక్కాడో చెప్పలేను.

ఆనాడే, వెదురు బద్దల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. జనానికి ఏమైనా నేర్పుతాను గానీ, వాళ్ళు ఎంత బాగా నేర్చుకున్నారో నా కాళ్ళ మీద మాత్రం పరీక్షించను.