పాకం గిన్నె పక్కన తాగునీళ్ల కుండ

1957లో మా లింబయ్య ఎవరి సాయమూ లేకుండా కడాయి బెల్లం దించి, ఒక్క ముద్ద విరగకుండా బోధన్ అంగడికి చేర్చాడు. అంతకుముందు రెండేళ్లూ అతని చేతిలో పాకం మాడిపోయింది. అతను నా మేనల్లుడు. ఆ తర్వాత చుట్టుపక్కల గానుగలన్నిటా అతని పేరే. మరాఠీ వ్యాపారులు ముద్ద వాసన చూసి "లింబయ్యదేనా?" అని అడిగేవారు. లింబయ్య కల్లు మాత్రం ఏనాడూ ముట్టలేదు.

కడాయి పక్కన గిన్నెలో చన్నీళ్లుంటాయి. అందులో పాకం చుక్క వేసి ఉండ కడుతుందేమో చూస్తారు. తొలి ముద్ద దేవుడికి కాబట్టి ఆ నీళ్లు ఎంగిలి కాకూడదు. నీళ్లకని లేచి వెళ్తే పాకం మాడుతుంది గనుక, కడాయి దించేదాకా వండేవాడికి మంచినీళ్లు ఉండవు.

1968 మార్చిలో ఎండలు ముదిరినా చెరకు మిగిలే ఉంది. ఒక మధ్యాహ్నం లింబయ్య మాట తడబడింది. తూలి పొయ్యి పక్కనే పడ్డాడు. పాకం మాడింది.

"ఏందిరా లింబిగా, పట్టపగలే కల్లు కుండ లేపినవా?" అన్నాడు చెరకు మోసే భీమన్న. అందరూ నవ్వారు.

లింబయ్య తేరుకుని, మాడిన కడాయిని చూసి ముఖానికి తువ్వాల కప్పుకున్నాడు. "ఇగ నా మొకం ఎవ్వలకు సూపియ్య మామా" అని మోర్తాడ్‌లో తన అక్క ఇంటికి పోయాడు.

తెడ్డు భీమన్న చేతికి వచ్చింది. రెండు రోజులకే అతనూ కూలాడు. మంట వేసే ఖాసిం ముఖాన నీళ్లు కొట్టి లేపాడు.

"నువ్వేం తాగినవ్ భీమన్నా?"

తెల్లారి భీమన్న నన్ను వెంటబెట్టుకుని మోర్తాడ్ వచ్చాడు.

"తప్పయిందే అన్నా. గది కల్లు గాదు, పొయ్యి సెగ. నేను గూడ పడ్డ."

"కడాయి మాడింది నిజమే గద" అన్నాడు లింబయ్య, గోడ వైపు చూస్తూ.

"మాడితె మాడనీ. నువ్వు రాకుంటె మల్ల నన్నే కూసోవెడుతరు. నేను సస్త!"

లింబయ్యకు నవ్వొచ్చింది. "పక్కకు తాగెటి నీళ్ల కుండ వెట్టుండ్రి. నడుమ నడుమ ఇంకొకడు తెడ్డు వట్టాలె. గట్లయితెనే వస్త."

ఇంత పేరు చెప్పుకుని తిరిగిన మాకు ఒక్క కుండ తోచలేదు. అదే సిగ్గు. ఇప్పుడు కుండ పెట్టాం, మూత కూడా వేశాం. లింబయ్య వచ్చేది ఏప్రిల్ 8, సోమవారం.