బావి గట్టున పెట్టిన ఒట్టు

నాకు సంతకం వస్తాది. బస్సు మీద ఊరి పేరు సదవతా. అంతకు మించి రాదు. అందుకే నేను సెప్తాండా, మా పాప రాస్తాండాది. నా గొంతు గరుకు. మా ఆయప్ప, అంటే పాప నాయన, పోయిన దినం అరిసి అరిసి సీలిపోయింది, మళ్ళా అతుక్కోలే. మాట తెలీకపోతే ఇంగోసారి అడగమని పాపకు ముందే సెప్పినా.

కుప్పంలో నేను వంట సేసే ఇంటి మేడమ్ కాలేజీలో పాఠం సెప్తాది. తత్వశాస్త్రమంట. అదేం పాఠమమ్మా అని సేరిన కొత్తలో అడిగినా.

"ఇది మంచి, ఇది చెడ్డ అని మనం ఎందుకు అనుకుంటాం, తప్పు చేశాక మనసు మనల్ని ఏం చేస్తుంది, ఇందులో దేవుడి పాత్ర ఎంత. ఇదే అక్కా నా పని."

"దీనికి జీతమిస్తారామ్మా?"

ఆమె పడీ పడీ నవ్వింది. కోస్తా పక్క మనిసి, ఒంటి మనిసి. ఇంట్లో గోడ కనపడదు, అంతా పుస్తకాలే. నేను దుమ్ము దులిపేటప్పుడు వాటిని సూసి, ఇన్ని రాసినా మంచేదో సెడ్డేదో ఇంగా తేలలేదా అని అనుకుంటా.

పోయినేడు ఆమె ఒట్ల మీద పుస్తకం రాస్తాండె. మా పక్క ఒట్టంటే ఉత్త మాట కాదు. కర్పూరం ఎలిగించి అరసేత్తో ఆర్పి ఒట్టేస్తారు. అన్నం ముట్టుకోని ఏస్తారు. అన్నిటికంటే పెద్దది బిడ్డ తల మీద సెయ్యి పెట్టి ఏసేది. కోర్టులో కండ్లార్పకుండా అబద్ధం సెప్పేవాడు గూడా ఈ ఒట్టు కాడికొచ్చేసరికి ఎందుకు జంకతాడు? అదే మేడమ్ పట్టుకున్న సంగతి. ఆమె తెలుగు మా పల్లెల్లో జనానికి పట్టదు, మా తెలుగు ఆమెకు పట్టదు. అందుకని నన్ను ఎంట తీసకపోతాండె.

పెద్దపంజాణి పక్క ఒక పల్లెలో అరుగు మీద కూసున్న ఒక ముసలాయన్ని అడిగింది. "పెద్దాయనా, మిట్టమధ్యాహ్నం. చుట్టూ ఎవరూ లేరు. పక్కవాళ్ళ చేనికి పోయే నీళ్ళు మీ చేనికి మళ్ళించుకున్నారు. ఎవరికీ, ఎప్పటికీ తెలీదు. అయినా అది తప్పేనా?"

ఆ ముసలాయన వక్కాకు నమల్తా అనె, "ఎవురి సేనమ్మా? మా తమ్ముడిదా, పరాయోళ్ళదా?"

అందరూ నవ్వినారు. లోపల్నుంచి ఆయన పెండ్లాం అరిసింది. "మళ్ళించినోన్నే అడగతాండావు సూడమ్మా, బాగా సెప్తాడు!"

ఆయన ఊసి, మూతి తుడుసుకున్నాడు. "ఎవురికీ తెలీదంటావే. మళ్ళించినోడికి తెలుసు గదా. వాడు మనిసి కాదా?"

మేడమ్ ఆ మాట రాసుకోని, దాని కింద రెండు గీతలు గీసింది. నేను రాసుకోకపోయినా ఆ మాట నా ఎంటనే వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆమె ఊరికే అడిగినట్టు అడిగింది. "అక్కా, మీరెప్పుడైనా ఒట్టు వేశారా?"

"లేదమ్మా" అన్నా. బయటికి సూస్తా కూసున్నా.

ఏసినా. పదకొండేండ్లాయ.

పుంగనూరు కాడ మా ఊర్లో మాకు దిగుడు బావి ఉండె. మోటారు లోపల దిబ్బ మీద, దాన్ని ఏసి ఆపే పెట్టె పైన గట్టు మీద సిన్న గదిలో. పచ్చ బటన్ నొక్కితే ఆడతాది, ఎర్రది నొక్కితే ఆగతాది. ఆ పొద్దు పైపు కారతాండాదని మా ఆయప్ప మెట్లు దిగినాడు. మోటారు ఆడతానే ఉండాది. నేను గట్టు పక్కనే గడ్డి కోసి మోపు కడతాండా. పొద్దున్నే మాకు మాట మాట పెరిగింది. ఏం మాటో గూడా ఇప్పుడు గుర్తు లేదు. కూర్లో ఉప్పు సంగతేమో.

కిందినుంచి "మోటారు ఆపు" అని అరిసినాడు.

ఆయప్ప ఎప్పుడూ అట్లనే. నీళ్ళు తే, గొడ్డును కట్టు, మోటారు ఆపు. అన్నీ అరుపులే. "ఉండు, వస్తాండా" అన్నా. మోపు తాడు సగం ముడిలో ఉండాది. విడిస్తే గడ్డంతా పడతాది. ముడి బిగించినా, తాడు కొస దోపినా, అప్పుడు లేసినా. పెట్టె కాడికి పది అడుగులు గూడా లేదు. ఎర్ర బటన్ నొక్కి, "ఆపినా, ఇంగ అరవద్దు" అని కిందికి తొంగి సూస్తే ఆయప్ప నీళ్ళల్లో బోర్లా ఉండాడు. తడి పైపుకు కరెంటు దిగిందని తర్వాత సెప్పినారు.

మూడో దినం మా అత్త నన్ను ఇంట్లోకి పిలిసింది. ఊర్లో అప్పటికే గుసగుస. పొద్దున్నే మొగుడూ పెండ్లాం కొట్లాడుకున్నారంట, ఆమె అక్కడ్నే ఉండిందంట అని. మా అత్త కర్పూరం ఎలిగించింది. మా పాపను నా ముందర కూసోబెట్టింది. దానికప్పుడు ఎనిమిదేండ్లు.

"నా కొడుకు కడసారి ఏమన్నాడు? దీని తల మీద సెయ్యి పెట్టి సెప్పు."

పెట్టినా. తల ఎచ్చంగా ఉండె.

"అమ్మా అన్నాడు అత్తా. ఒకటే మాట. అమ్మా అని."

కర్పూరం ఆర్పినా. మా అత్త గోడకు ఆనుకోని ఏడిసింది. ఆ ఏడుపులో రవ్వంత ఊరట గూడా ఇనపడింది నాకు. మంచి పని సేసినా అనుకున్నా.

మరసటేడు నుంచి పాపకు తలనొప్పులు. సాయంత్రమైతే నుదురు పట్టుకోని ఏడిసేది. నాకు లోపల్లోపల తెలుసు ఎందుకో. మా పక్క పిల్లకాయలు ఆటల్లో ఒట్టేసుకోని, మళ్ళా మనసు మార్చుకుంటే, "ఒట్టు తీసి గట్టున పెట్టు" అంటారు. తల మీద నుంచి సిటికెడు తీసినట్టు తీసి గట్టు మీద పెట్టేస్తారు. అంతే, ఒట్టు పోయినట్టు. అది ఆట. నేను నిజంగా సేసినా. పాప నిద్రపోతాంటే దాని నెత్తి మీద నుంచి రెండు ఏళ్ళతో తీసినా. ఏం తీసినానో నాకే తెలీదు, ఏళ్ళ మధ్య బరువుగా మాత్రం ఉండె. ఏ గట్టున పెట్టాల? మాకు గట్టంటే ఒకటే. పోయి బావి గట్టు మీద పెట్టి, ఎనక్కి సూడకుండా వచ్చినా. ఆయప్ప సచ్చిన బావి గట్టు మీదనే పెట్టొచ్చినానని ఇంటికొచ్చినాక గానీ తోసలే.

పాప నొప్పి తగ్గింది.

తర్వాత బోర్లొచ్చినాయి, బావి ఎండింది. మోటారు అమ్మేసినాం, కరెంటు తీగలు పీక్కపోయినారు. నేను కుప్పం సేరినా, పాప మదనపల్లెలో నర్సు సదువుకు సేరింది. మా అత్త మాత్రం ఊరు విడిసి రానన్యాది. శనివారం శనివారం సాయంత్రం పోయి తెల్లారి వస్తాంటి.

ఈ ఎండాకాలం పక్కింటామె నాకు ఫోన్ సేసింది. "మీ అత్తను ఎవురన్నా సూసుకోవాలమ్మా. దినామూ పన్నెండు గంటలైతే సాలు, లేసి బావికాడికి పోతాండాది. గట్టు అంచున నిలబడి లోపలికి తొంగి సూస్తాండాది. రెండుసార్లు నేనే పట్టుకోనొచ్చినా. ఏమవ్వా అంటే, కొడుకు పిలస్తాండాడు అంటాండాది."

ఆ బావికి సుట్టుగోడ లేదు. నలభై అడుగుల లోతు, అడుగున బండ.

ఫోన్ పెట్టేసినా. ఆయప్ప ఏమని పిలస్తాండాడో నాకు తెలుసు గదా. అమ్మా అని. ఆయప్ప ఎప్పుడూ అనని మాట, నేను పుట్టించిన మాట. నేను తీసకపోయి గట్టు మీద పెట్టొచ్చినా. అది ఆడ్నే కూసోని పదేండ్లు గొంతు తెచ్చుకోని, ఇప్పుడు ముసల్దాన్ని పిలస్తాండాది.

మేడమ్ కు అంతా సెప్పేసినా. కింద కూసోని, కూర తరుగుతా సెప్పినా. ఆమె రాసుకోలే. ఆమె ఫోన్ లో మాటలు పట్టేది ఉంటాది, దాన్ని గూడా దూరంగా పెట్టింది. సెప్పడమైనాక ఒకటే అడిగింది.

"ఆ ఒట్టు ఎవరి కోసం వేశారక్కా?"

"మా అత్త కోసం."

నేను వంకాయ తరగతాండా. ముక్కలు నల్లబడతాండాయి. అప్పుడు నా నోటి నుంచే వచ్చింది. "నా కోసం. ముడి సంగతి ఎవురికీ తెలీకూడదని."

"ఆ ముసలాయన చెప్పాడే, మళ్ళించినవాడికి తెలుసు కదా అని. నా పుస్తకమంతా కలిపినా అంతకంటే ఏం లేదు" అన్యాది.

"దెయ్యముందా మేడమ్?"

"నాకు తెలీదక్కా. బావి మాత్రం ఉంది. ఆమె నడుస్తోంది."

"నిజం సెప్తే ఒట్టు తప్పినట్టే. అది పాపకు తగలదా?"

ఆమె నా మొగం సూసి, తల దించుకున్యాది. అన్ని పుస్తకాలు సదివిన మనిసి, తగలదు అని ఒక్క మాట అనలే. అబద్ధమైనా నాకు ధైర్యంగా ఉండునే అనుకున్నా. తర్వాత తెలిసింది, నా దగ్గర అబద్ధమాడకూడదనే ఆమె గమ్మునుండిందని.

తల పాపది. దాన్ని అడక్కుండా ఎట్ల? మరసటి దినం మదనపల్లె పోయినా. ఆస్పత్రి గేటు కాడ నిలబడి పిలిపిస్తే, తెల్ల బట్టల్లో పరిగెత్తుకోని వచ్చింది. ఒట్టేసింది, తీసింది, అవ్వ బావికాడికి పోయేది, అన్నీ సెప్పినా. ఆయప్ప అన్న మాట మాత్రం నోరు రాలే.

"ఒట్టేసుకునేదానికి నా తలేనా నీకు దొరికింది?" అని కసిరింది. తర్వాత కండ్లద్దాలు తీసి సూపించింది. "ఆ నొప్పికి ఇవి కదమ్మా ఇచ్చింది. అద్దాలు పెట్టినాకనే తగ్గింది. నువ్వు తీసింది ఏందో తీసినావులే."

"నాయన నిజంగా ఏమన్నాడు?" అని అడగతాదని బయపడతాండా. అది అడగలే. నా సెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్యాది. "ముందు అవ్వకు సెప్పు. ఆమె తర్వాతనే నాకు. పో, ఈ పొద్దే బస్సెక్కు. రేపు మధ్యాన్నానికి అవ్వ పక్కనే ఉండాల."

ఆ రాత్రికే ఊరు సేరినా. మరసటి దినం పొద్దన్నుంచి మా అత్త ఎదురుగానే కూసున్నా. ఆమె సింతపండు కొట్టి గింజలు తీస్తాండాది. సెప్పాలని నోరు తెరవడం, మూయడం. ఎండ గడప దాటింది. కోళ్ళు నీడకు సేరినాయి. ఉన్నట్టుండి ఆమె సుత్తి ఆపి, తల పక్కకు వంచింది. పొయ్యి మీద ఎసరు పొంగతాంటే ఇనేవాళ్ళ మాదిరి.

"ఇదో" అని లేసింది.

నాకేమీ ఇనపళ్ళే. కాకి గూడా అరవలే.

డెబ్బై ఏండ్లు దాటిన మనిసి, అంత బిరబిరా నడస్తాదని నేననుకోలే. కంపసెట్ల మధ్య నుంచి నేను పరిగెత్తి, గట్టు మీద ఆమె సెయ్యి పట్టుకున్నా. ఆమె బొటనేలు అంచు దాటి ఉండాది.

"అత్తా, ఆయప్ప అమ్మా అనలే. నేను అబద్ధమాడినా, పాప తల మీద. ఆయప్ప నన్నే పిలిసినాడు. ఒక పని సెప్పినాడు. నేను మోపు ముడేసి పోయినా. ముడేసేలోపల అయిపోయింది."

ఆమె లోపలికే సూస్తాండాది. "ఎంతసేపు?" అన్యాది.

ఆమె తన కొంగు కొస తీసి, నా కండ్ల ముందర ముడేసింది. బిగించింది, కొస దోపింది. "ఇంతసేపా?"

"ఇంతసేపే అత్తా."

అప్పుడు నా పక్క తిరిగింది. కోపం లేదు, ఏడుపు లేదు. పనిమనిసికి పని సెప్పినట్టు అన్యాది.

"అమ్మా అని వాడెప్పుడన్నాడే? ఈడ ఒక్క దినం గూడా అనలే. మోటారు ఆపు, మోటారు ఆపు అంటాండాడు. దినామూ వచ్చి సూస్తాండా. మోటారు యాడుండాది, ఆపేదానికి?"

ఆ మాట పదకొండేండ్లు నా కడుపులోనే ఉండె. మేడమ్ కు తప్ప ఎవురికీ సెప్పలే. మేడమ్ మా అత్తను సూడనే లేదు.

గట్టు మీద గది పైకప్పు ఎప్పుడో పడిపోయింది. గోడకు ఆ పెట్టె మాత్రం తుప్పు పట్టి ఏలాడతాండాది. దాంట్లోకి తీగ లేదు. మా అత్త దాని పక్క సెయ్యి సూపించింది.

"నువ్వు నొక్కు. నీకే గదా సెప్పింది."

పోయి ఎర్ర బటన్ మీద బొటనేలు పెట్టినా. కదల్లే. రెండో సెయ్యి గూడా ఆనించి, ఒళ్ళంతా వంచి నొక్కినా. టక్ మని లోపలికి పోయింది.

అప్పుడు తెలిసింది నాకు, అంతవరకూ ఆడ ఒక శబ్దం ఉండిందని. మోటారు ఆడతాంటే కాళ్ళ కింద నేల జివ్వుమంటాది సూడు, అట్లాంటిది. ఎప్పట్నుంచి ఉండిందో తెలీదు. ఆయప్ప పోయిన దినం నుంచేనేమో. అది ఆగినాకనే ఇనపడింది.

"ఆగింది" అన్యాది మా అత్త. అంచు నుంచి ఎనక్కి వచ్చి, నాకోసం సూడకుండా ఇంటి దోవ పట్టింది. మళ్ళా ఆమె ఆ బావికాడికి పోలే.