నేను మూసేసిన పద్నాలుగు చర్చిలు

2023 ఏప్రిల్‌లో, రెడ్‌మండ్‌లోని ఒక మ్యాప్‌ల కంపెనీలో పనిచేస్తుండగా, ఫ్రాన్స్ నైరుతి మూలనున్న ఒక నదీలోయను నాకు అప్పగించారు. లోయ పేరు చెప్పను. అక్కడివాళ్లకు నా వల్ల జరిగింది చాలు. నా హోదా ప్లేస్ డేటా లీడ్. మీరు ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే ఏ హోటల్ కిందో, పార్కు కిందో ‘తెరిచి ఉంది’ అనో ‘మూసి ఉంది’ అనో వస్తుంది చూడండి, ఆ మాట నిజమేనని పూచీ పడే ఉద్యోగం. పంతొమ్మిదేళ్లు అదే చేశాను. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడిందో లేదో మాత్రం రోజూ మా ఆయనే చూసేవారు.

వేసవి సెలవులకు వెళ్లేవాళ్ల కోసం ఆ లోయకు ఒక గైడ్ తయారుచేయాలి. పద్నాలుగు పాత చర్చిలు, నదిలో తెడ్డుతో నడిపే కనూ పడవలు అద్దెకిచ్చే రేవులు, కొండ అంచున నడకదారులు, ఒక గుహ. ప్రతి స్థలానికీ రెండు ఆధారాలు ఉండాలని మా నియమం. ఆధారాలు దొరక్కపోతే మూడు వేర్వేరు రోజుల్లో ఫోన్ చేయాలి. మూడుసార్లూ ఎవరూ ఎత్తకపోతే లీడ్ విచక్షణ మీద ‘శాశ్వతంగా మూసివేశారు’ అని గుర్తు పెట్టవచ్చు. ఆ గుర్తు పడితే ఆ స్థలం గైడ్‌లోంచి మాయమవుతుంది. విచక్షణ అన్న మాట నియమంలో ఎవరు చేర్చారో గానీ, నన్ను చూడకుండానే చేర్చి ఉంటారు.

నాతో ఆ పని చేసిన అమ్మాయి కీర్తన. కరీంనగర్ పిల్ల, హెచ్ వన్ వీసా మీద ఉంది. ఇంటర్‌లో ఫ్రెంచ్ సెకండ్ లాంగ్వేజ్. ఆఫీస్‌లో ఆంటీ అని పిలవొద్దని నెలకోసారి చెప్పేదాన్ని, నెలంతా ఆంటీ అనే పిలిచేది. పద్నాలుగు చర్చిలకూ కలిపి ఒకటే ఫోన్ నంబర్ దొరికింది. మూడు రోజులు నేనే చేశాను. మూడుసార్లూ మా ఉదయం పదింటికి. అప్పుడు అక్కడ సాయంత్రం ఏడై ఆఫీస్‌లు కట్టేసి ఉంటారన్న సంగతి, ప్రపంచ పటాల మీదే బతికే నాకు తట్టలేదు.

“ఆంటీ, ఒక్కసారి ఆ ఊళ్ల ఆఫీస్‌లకి మెయిల్ చేద్దామా? నాకెందుకో డౌట్ కొడ్తుంది” అంది కీర్తన.

నాకు చర్రున కోపం వచ్చింది. మా నాన్నగారు నరసాపురం దగ్గర పాస్టర్. చర్చి కాంపౌండ్‌లోనే పుట్టి పెరిగినదాన్ని. మా వైపు ఏ సందులో చర్చికైనా బోర్డు ఉంటుంది, ఆ బోర్డు మీద పాస్టర్ గారి పేరు, డిగ్రీలు, సెల్ నంబర్ ఉంటాయి. కొన్నిచోట్ల పాస్టరమ్మ గారి ఫొటో కూడా. ఫ్రాన్స్ చర్చిల ఫొటోలన్నీ పెద్దవి చేసి చూశాను. ఒక్కదానికి పాస్టర్ పేరు లేదు, నంబర్ లేదు. “పాస్టర్ లేని చర్చి నడుస్తుందా? నాకు చర్చిల గురించి చెప్తున్నావా నువ్వు?” అన్నాను. పాపం, ఆ పిల్ల పద్నాలుగింటికీ ఒకేసారి గుర్తు పెట్టింది. పెట్టమని నేను నోటితోనే చెప్పాను. లాగిన్ మాత్రం ఆమెది.

జూన్‌లో గైడ్ విడుదలైంది. ఆ నెల మూడో వారంలోనే ఆ లోయ పర్యాటక కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. కీర్తనే చదివి చెప్పింది. తమ చర్చిలను ఎవరు మూశారో తెలుసుకోవాలని ఉందని, తాళాలు తమ దగ్గరే ఉన్నందున ఆశ్చర్యంగా ఉందని, చాలా మర్యాదగా రాశారు. యాత్రికులు చర్చిల మలుపుల దగ్గర ఆగకుండా సాగిపోతున్నారట.

మా మేనేజర్ గ్రెగ్ మీటింగ్‌లో అడిగింది ఒక్కటే: ఆ మార్పు ఎవరి లాగిన్ నుంచి వెళ్లింది? కీర్తన చెయ్యెత్తింది. ఆ వేసవిలో ఉద్యోగాలు తీసేసే జాబితాలు తయారవుతున్నాయని అందరికీ తెలుసు. ఉద్యోగం పోతే ఆమెకు అరవై రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేదా దేశం వదలాలి. భర్త వీసా కూడా ఆమె వీసాకే వేలాడుతోంది. చెప్పింది నేనని అనడానికి నాకు ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషంలో నేను మీటింగ్ నోట్స్‌లో తేదీ రాసుకున్నాను. పాస్టర్ గారి కూతురిని మరి!

అక్కడికే వెళ్లి స్వయంగా చూసి రావాలని గ్రెగ్ తేల్చాడు. భాష వచ్చిన కీర్తన వెళ్లాలి. కానీ ఆమె పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు తీరింది. దేశం దాటితే తిరిగి రావడానికి కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరకాలి, అదెప్పటికో ఎవరికీ తెలియదు. దాంతో ఒక్క ఫ్రెంచ్ ముక్క రాని నేను, అరవై రెండేళ్ల వయసులో, అద్దె కారు వేసుకుని ఆ లోయలో దిగాను.

మొదటి చర్చి నది పక్కనే, గుట్ట మీద ఉంది. పసుపుపచ్చని రాయి, పొట్టి గంట గోపురం. అలవాటు కొద్దీ చెప్పులు గుమ్మం బయట విప్పాను. మా వైపు చర్చిలో చెప్పులతో అడుగుపెడితే వెనక బల్ల మీది ముసలమ్మలు బతకనివ్వరు. ఇనుప కడియం పట్టుకుని తలుపు లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగాను. రాలేదు. ‘చూశావా, నేను చెప్పలేదూ’ అని నాకు నేనే చెప్పుకుని, మెట్టు మీద కూర్చుని ట్యాబ్‌లో ‘మూసి ఉంది, స్వయంగా పరిశీలించాను’ అని రాసుకున్నాను. ఎంత సంతోషమనుకున్నారు! పాస్టర్ ఎవరైనా వస్తారేమోనని ఇంకో ముప్పావు గంట కూర్చున్నాను.

పాస్టర్ రాలేదు. నీళ్ల డబ్బా పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. నా వట్టి పాదాలు చూసి అయ్యయ్యో అన్నట్టు ఏదో అంది. ఆ దారిన కాలినడకన పుణ్యయాత్రకు పోయేవాళ్లుంటారట, నేనూ అలాగే బొబ్బలెక్కి కూలబడ్డాననుకుంది. పక్కనే ఉన్న తన ఇంట్లోకి వెళ్లి ప్లాస్టర్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తలుపు వైపు చూపించి, లేదు అన్నట్టు చెయ్యి తిప్పాను. ఆవిడ నన్నొకసారి, తలుపునొకసారి చూసి, నడుముతో ఆ తలుపును ఒక్క తోపు తోసింది. తెరుచుకుంది.

అది లోపలికి తోసే తలుపు.

లోపల వరసగా గడ్డి అల్లిన కుర్చీలు, గోడ మీద వెలిసిపోయిన దేవదూతలు, బల్ల మీద ఆ ఉదయం కోసిన పూలు. వచ్చినవాళ్లు పేర్లు రాసే పుస్తకంలో రోజుకో రెండు మూడు పేర్లున్నాయి. మా గైడ్ విడుదలైన వారం నుంచి పేజీ ఖాళీ. ముసలావిడ పూలకు నీళ్లు పోస్తూ, నన్ను సంతకం పెట్టమని పెన్ను ఇచ్చింది. పెట్టాను. కంపెనీ పేరు రాయలేదు.

నాలుగు రోజుల్లో పద్నాలుగూ చూశాను. పన్నెండు పొద్దుట నుంచి సాయంత్రం దాకా తెరిచే ఉంటాయి, ఊళ్లో ఎవరో ఒకరు తీసి, ఎవరో ఒకరు వేస్తారు. రెండింటి తాళాలు ఎదురింట్లో అడిగితే ఇస్తారు. ఒక్క ఫాదర్ గారు అన్ని ఊళ్లకూ వంతులవారీగా వచ్చి పూజ చేస్తారు. బోర్డు మీద పేరెందుకు, ఆయన్ని ఎరగనివారెవరు? కనూ కూడా పరీక్షించాలి కాబట్టి ఎక్కాను. మొదట వెనక్కి తిరిగి కూర్చున్నాను. రేవు మనిషి నవ్వకుండా నన్ను ముందుకు తిప్పి, తానూ వెనక ఎక్కాడు. నది మధ్యలో ఉండగా, శాశ్వతంగా మూసేసిన చర్చి ఒకటి పైనుంచి గంట కొట్టింది. ఆయన తెడ్డుతో అటు చూపించి నా ముఖంలోకి చూశాడు. నేను నీళ్లలోకి చూశాను.

రెడ్‌మండ్ వచ్చి నివేదిక రాశాను. అందులో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు ‘ఆధారాల కొరత, సమయ వ్యత్యాసం, ప్రక్రియలో లోపం’ అని నింపి, ఫ్రెంచ్ పేర్ల స్పెల్లింగ్ చూడమని కీర్తనకిచ్చాను. ఆమె స్పెల్లింగులన్నీ దిద్దింది. తర్వాత మెల్లగా అంది: “ఆంటీ, ఇందుల నా లాగిన్ ఉంది. మీ పేరు యాడా లేదు.”

కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్నే.

ఆ గడి చెరిపి ఇలా రాశాను: ‘మెయిల్ చేసి కనుక్కుందామని కీర్తన సూచించింది. నేను వినలేదు. గుర్తు పెట్టమన్నది నేనే.’ గ్రెగ్ చదివి, ఇది జూన్‌లోనే చెప్పి ఉంటే నీ టికెట్ ఖర్చు మిగిలేది అన్నాడు. యూరప్ పని నా చేతిలోంచి తీసి కీర్తనకిచ్చారు. సెప్టెంబర్ జాబితాలో ఆమె పేరు లేదు, నా పేరుంది. ఎలాగూ రిటైర్ కావలసినదాన్నే గనుక ఇచ్చింది పుచ్చుకుని బయటికి నడిచాను.

ఆఖరి రోజు ఏదో తోచక మా సొంత చర్చిని మ్యాప్‌లో వెతికాను. మా తెలుగు సంఘానికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చిని ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి అద్దెకు తీసుకుంటాం. బయట మా బోర్డు లేదు, మా పాస్టర్ గారి నంబర్ లేదు. మ్యాప్ ప్రకారం ఆ చర్చిని ఆదివారం పన్నెండుకు మూసేస్తారు. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం మూసి ఉన్న చర్చిలో నేను పాటలు పాడుతున్నాను. సరిచేయమని కీర్తనను అడిగాను.

“మీరు చెప్తే పెట్టను ఆంటీ. ఆదివారం నేనే వచ్చి చూస్త” అంది.

వచ్చింది. చెప్పులు బయట విప్పి, తలుపు తోసి, లోపలున్న మమ్మల్ని చూసి, అప్పుడు మార్చింది. పంతొమ్మిదేళ్లలో నేను నేర్చుకోవలసిన పని అదే.