నలభై గ్లాసులు, స్టవ్వు వత్తులు

నలభై కుటుంబాల ముక్కులకు ఒకే సాయంత్రం మసి పూసిన మనిషి ఈ జిల్లాలో ఇంకెవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. నేను మాత్రం ఉన్నాను. అది కూడా చర్చిలో, పట్టుచీర కట్టుకుని, అందరితో కలిసి పాట పాడుతూ చేశాను. నేను తయారుచేసింది బాంబు కాదు, బాణసంచా కాదు. కొవ్వొత్తులు. వాటిలో వత్తి ఎంచుకోవడం దగ్గర చిన్న పొరపాటు జరిగింది, అంతే. ‘వత్తే కదా’ అనుకుంటున్నారా? నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను.

అప్పటికి నాకు పెళ్ళయి ఏడు నెలలు. పుట్టింది శృంగవరపుకోటలో, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది ఎచ్చెర్లలో, కాపురానికి వచ్చింది కోటబొమ్మాళికి. ఈ మూడింటిలో ఎచ్చెర్ల గురించే అందరికీ ఎక్కువ చెప్పేదాన్ని. పప్పులో ఉప్పు ఎక్కువైతే సోడియం గురించి మాట్లాడేదాన్ని. పాలు విరిగితే ఎందుకు విరిగాయో వంటింట్లోనే పాఠం చెప్పేదాన్ని. మా అత్తగారు దీవెనమ్మగారు అంతా ఓపిగ్గా విని, “సరే గానీ, ఇప్పుడీ పాలు ఏటి సెయ్యాలో సెప్పు” అనేవారు. అది మా సిలబస్‌లో ఉండేది కాదు.

అత్తమ్మ మా చర్చి స్త్రీల సమాజానికి పెద్ద. ప్రతి క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆరాధనలో కుటుంబానికో కొవ్వొత్తి చొప్పున వెలిగించి పట్టుకుంటారు. అంగట్లో దొరికే సన్నటి తెల్ల కొవ్వొత్తులవి. పాట రెండో చరణానికి వచ్చేసరికి మైనం కారి చేతుల మీద, కొత్త చీరల మీద పడేది. పండగ మర్నాడు ఊళ్ళో ఆడవాళ్ళందరూ చీర మీద పాత పేపరు వేసి, ఇస్త్రీపెట్టెతో ఆ మైనం వదిలించుకునేవారు.

ఆ ఏడాది సమాజం మీటింగులో ఈ సంగతే నడుస్తుంటే, మజ్జిగ గ్లాసులు అందించడానికి వెళ్ళిన నేను ఆ పని మానేసి నోరు విప్పాను.

“గాజు గ్లాసులో మైనం పోసి, మధ్యలో వత్తి పెడితే ఒక్క బొట్టు కూడా కారదండీ. నేను చేస్తాను.”

సమాజం డబ్బు చూసే రత్నమణిగారు కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. “ఇదివరకెప్పుడైనా సేసినావేటమ్మా?”

“చెయ్యలేదండీ. కానీ నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.”

“బజార్లో దొరికినవి ఉండగా ఈ పరీచ్చలెందుకు, దీవెనమ్మా? ఆనక అందరి ముందూ నువ్వే మాట పడాల.”

అత్తమ్మ నావైపు చూశారు. నా కొవ్వొత్తుల మీద ఆవిడకు నమ్మకం లేదని ఆ చూపులోనే తెలిసిపోతోంది. అయినా రత్నమణిగారి వైపు తిరిగి, “నా కోడలు సేస్తాది” అన్నారు. ఇక వెనక్కి పోయే దారి లేదు. నాకు పోవాలనీ లేదు లెండి, అప్పటికే నేను మనసులో రిబ్బను రంగు ఎంచుకుంటున్నాను.

ఫోనులో వీడియోలు చూశాను. శ్రీకాకుళం వెళ్ళి మైనం దిమ్మలు, నలభై గాజు గ్లాసులు తెచ్చాం. మల్లెపూల సెంటు కలపాలా, సంపెంగ సెంటు కలపాలా అని ఒక రోజంతా ఆలోచించాను. రిబ్బను ఎరుపా, బంగారు రంగా అని రెండు రోజులు మా ఆయన ప్రాణం తీశాను. వత్తి గురించి మాత్రం, నిజం చెప్పాలంటే, రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు. చీకటి పోగొట్టేది వత్తి అయితే నేను మూడు రోజులు సెంటు, రిబ్బను దగ్గర కూర్చున్నాను.

మొదటి గ్లాసులో జాకెట్లు కుట్టే దారం నాలుగు పేటలు పేని వేశాను. మధ్యాహ్నం వరండాలో వెలిగించి అందరినీ పిలిచాను. పెసరగింజంత మంట వచ్చింది. చుట్టూ మైనం కరిగి చిన్న గుంట అయింది. ఆ గుంటలో నా వత్తి ఈత రానివాడిలా ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగి బుడుంగుమని మునిగిపోయింది.

“అయిపోనాదేటి?” అన్నారు అత్తమ్మ.

“వత్తి సన్నమైపోయింది అత్తమ్మా. లావు వత్తి వేస్తే సరి.”

ఇక్కడే నా చదువు పనిచేసింది. సన్నం పనికిరాకపోతే కాస్త లావు చూడాలి, అదీ కాకపోతే ఇంకాస్త లావు. మామూలు మనుషులు చేసే పని అది. నేను నేరుగా మా ఆయన్ని ఇనప సామాన్ల కొట్టుకి పంపి, కిరసనాయిలు స్టవ్వులో వేసే వత్తులు రెండు కట్టలు తెప్పించాను. ఒక్కో వత్తి నా చిటికెన వేలంత ఉంది. వాటిని ముక్కలు కోసి, ఒక గ్లాసులో నిలబెట్టి, మైనం పోసి, గట్టిపడ్డాక వెలిగించాను. మంట జానెడు లేచింది. నా ఆనందం అంతకన్నా ఎత్తు లేచింది. ఒక్క నిమిషం చూసుకుని, చప్పట్లు కొట్టి, ఆర్పేశాను.

ఆ టైముకే మా పక్కింటి సూరమ్మ పిన్ని పెరటి గోడ మీదుగా కూర గిన్నె అందించడానికి వచ్చింది. వాళ్ళాయన గుడిలో సన్నాయి వాయిస్తారు. పిన్ని ఎన్నో ఏళ్ళుగా ఆ గుడి దీపాలకు వత్తులు చేసి ఇస్తోంది. మాట్లాడుతున్నా, టీవీ చూస్తున్నా ఆవిడ వేళ్ళ మధ్య దూది తిరుగుతూనే ఉంటుంది.

గ్లాసు చూసి పిన్ని గిన్నె గోడ మీదే పెట్టేసింది. “ఏటే కరుణా ఇది? దీపమా, కాగడావా?”

“చర్చికి కొవ్వొత్తి పిన్నీ. బాగుంది కదా?”

“ఎంతసేపు ఎలిగించి సూసినావు?”

“ఒక నిమిషం.”

“మీ పార్తన ఒక నిమిసంలో అయిపోద్దేటి?”

“అదికాదు పిన్నీ, మైనం కరగడానికి ఇంత వేడి కావాలి, లావు వత్తి అయితే...”

“నాకు ఆ లెక్కలు తెల్దు గానీ, పెమిద ఎంతో అంత వత్తి ఉండాల. సిన్న పెమిదలో పెద్ద వత్తేస్తే నూనె తాగేసి మసి కక్కుతాది. ఒక గంట ఎలిగించి సూడు. ఆనక నీ ఇష్టం.”

“నూనె వేరు, మైనం వేరు పిన్నీ,” అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపిస్తుంది.

మర్నాటి నుంచి రెండు రోజుల్లో నలభై గ్లాసులూ పోశాను. ఎరుపు రిబ్బన్లు కట్టాను. బల్ల మీద వరసగా పెడితే పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఆరుగంటలకి చర్చి నిండిపోయింది. అందరూ గ్లాసులు చూసి ముచ్చటపడ్డారు. రత్నమణిగారు కూడా ఒకటి ఎత్తి వాసన చూసి, “బాగానే ఉన్నాదమ్మా” అన్నారు. అత్తమ్మ తెల్ల పట్టుచీరలో, ముందు వరసలో, తల కొంచెం పైకెత్తి కూర్చున్నారు. లైట్లు ఆర్పారు. ఒకరి గ్లాసు నుంచి ఒకరు వెలిగించుకున్నారు. పాట ఎత్తుకున్నాం.

మొదటి చరణం దివ్యంగా ఉంది. అంత వెలుగు మా చర్చిలో ఎవరూ చూడలేదు. వెనక వరస ముసలాయన ఒకరు కళ్ళజోడు లేకుండానే పాటల పుస్తకం చదివేశారట.

రెండో చరణంలో ఎవరో దగ్గారు. తర్వాత ఇద్దరు. ప్రతి మంట కొస నుంచి నల్లటి తాడులా పొగ లేస్తోంది. మూడో చరణానికి పాడేవాళ్ళకన్నా దగ్గేవాళ్ళు ఎక్కువయ్యారు. చివరికి హార్మోనియం ఒక్కటే పాడింది.

“గళాసు కాలిపోతన్నాదే!” అని నా పక్కావిడ కొంగుతో పట్టుకుంది. ఇంకొకావిడ గ్లాసును కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి, ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి వేడివేడి పకోడీలా మార్చుకుంటోంది. ఒక్కొక్కరే గ్లాసులు కింద పెట్టేశారు. పాస్టరుగారు, “భయపడకండి, భయపడకండి” అంటూ వేదిక దిగి వచ్చారు. ఆ మాట అంటున్నప్పుడే ఒక గ్లాసు టప్పున పగిలింది. ఆయనే అందరికన్నా ముందు ఎగిరారు.

“ఊదండి!” అన్నాను. ఊదారు. చిటికెన వేలంత వత్తి ఊదితే ఆరుతుందా? మంట పక్కకు ఒరిగి, మళ్ళీ లేచి, ఊదినవాళ్ళ ముఖం మీదకే మసి తిప్పికొట్టింది. టప్పున రెండో గ్లాసు. “నీళ్ళు పొయ్యండి!” అని ఎవరో బిందె ఎత్తారు. మరిగే మైనంలో నీళ్ళు పడితే ఏమవుతుందో మాత్రం నా ఎమ్మెస్సీ నాకు గుర్తు చేసింది.

“నీళ్ళొద్దు! మూత పెట్టండి! ఏదైనా మూత!” అని అరిచాను.

మా ఆయన పరుగెత్తి కానుకలు పట్టే స్టీలు పళ్ళాలు తెచ్చి ఒక్కో గ్లాసు మీద బోర్లించడం మొదలుపెట్టారు. టీ పోసే కెటిల్ మూతలు, ఎవరిదో టిఫిన్ క్యారేజీ గిన్నెలు, దొరికినవన్నీ వచ్చాయి. పది నిమిషాల్లో మంటలన్నీ ఆరాయి. లైట్లు వేశారు.

దేవుడి దయ, ఎవరికీ చిన్న బొబ్బ కూడా రాలేదు. కానీ నలభై కుటుంబాలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరికీ ముక్కు కింద చక్కటి నల్లమీసం. ఆడా మగా తేడా లేదు. పాస్టరుగారి తెల్లచొక్కా బొగ్గుల బస్తాలా ఉంది. అత్తమ్మ తెల్ల పట్టుచీర బూడిదరంగుకి తిరిగింది.

నవ్వాలో తిట్టాలో ఎవరికీ తెలియలేదు. రత్నమణిగారు మీసంతోనే లేచి, “ఆ వత్తులు ఎవరెంచినారు?” అని అడిగారు.

నేను లేవబోయాను.

“నానే,” అన్నారు అత్తమ్మ లేచి. “వత్తి నానే ఎంచినాను. పిల్ల వద్దన్నా నానే లావుగా ఉండాలన్నాను. తప్పు నాది. పాట సగంలో ఉన్నాది, పాడండి.”

ముందు పాస్టరుగారే పకపకా నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మీసాలతోనే పాట పూర్తి చేశాం. నేను ఒక్క ముక్క పాడలేకపోయాను. ఏడుస్తున్నాను, కన్నీళ్ళు మసిలో కాలవలు కడుతున్నాయి.

మర్నాడు పండగ పలావు గిన్నె పట్టుకుని సూరమ్మ పిన్ని ఇంటికి వెళ్ళాను. “నూనె వేరు, మైనం వేరు” అన్నందుకు రెండు చేతులూ జోడించాను. పిన్ని నా ముక్కు వైపు చూసి, “ఇంకా పోనేదే” అని కొంగుతో తుడిచింది. తర్వాత ఇద్దరం కూర్చున్నాం. నూలుదారంతో మూడు లావుల్లో మూడు వత్తులు పేని, ఒకే కొలత గ్లాసుల్లో వేసి, పట్టపగలు మూడు గంటలు కదలకుండా చూశాం. సన్నది మునిగింది. లావుది మసి కక్కింది. మధ్యది మైనాన్ని గ్లాసు అంచు దాకా నెమ్మదిగా కరిగించుకుంటూ, చడీచప్పుడూ లేకుండా వెలిగింది. వెలిగించే ముందు వత్తి కొస కందిగింజంత ఉంచి తుంచెయ్యాలని కూడా అప్పుడే నేర్చుకున్నాను.

కొత్త సంవత్సరం ఆరాధనకి ఆ వత్తులతోనే మళ్ళీ గ్లాసులు చేశాను. అందరూ తలుపు దగ్గర కూర్చున్నారు గానీ, ఎవరూ లేవాల్సిన పని పడలేదు. ఇంటికి వచ్చాక ధైర్యం చేసి అడిగాను.

“అత్తమ్మా, ఆరోజు చర్చిలో అంత అబద్ధం ఎందుకు చెప్పారు? వత్తి ఎంచింది నేను కదా.”

అత్తమ్మ చీర మడత పెడుతూ, “అబద్ధమేటి? శృంగవరపుకోట వచ్చి నిన్ను ఎంచింది ఎవరు? నానే కదా. ఒక నిమిసం సూసి ఎంచేసినాను,” అన్నారు.

కాబట్టి పాఠకులారా, ఇనప సామాన్ల కొట్టు సాక్షిగా, పోయిన ఆ రెండు గ్లాసుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ వత్తినీ మూడు గంటలు వెలిగించి చూడకుండా ఎంచను. కోడలి సంగతి అంటారా, మా అబ్బాయికి ఇంకా ఐదేళ్ళే, కానీ ఆ పరీక్ష మాత్రం మా అత్తమ్మ పద్ధతిలోనే, ఒక్క నిమిషంలో ముగిస్తాను.