తొక్కకూడని ముగ్గు

పొద్దున్న టైల్స్ వేసే మేస్త్రి వచ్చి నడవ కొలుస్తూ, గచ్చు మీద అరిగిపోయిన తెల్లరంగు మెలికలు చూసి, "ఇవేటమ్మా, ఇంటి లోపల ముగ్గెట్టేరు?" అని నవ్వాడు. నేనూ నవ్వేశాను గానీ, అతను వెళ్ళాక వాటి పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాను.

బడి మొహం ఎరగని నన్ను కోడలిగా తెచ్చుకున్నాక, గోవాడ పంచదార మిల్లుకు చెరకు బళ్ళు కిర్రుమంటూ వెళ్ళే ఆ రోజుల్లో, అత్తగారే ఈ గచ్చు మీద సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించింది, చుక్కలు పెట్టించి మెలికల ముగ్గులు నేర్పింది. చుక్క తప్పితే చేతి మీద ఒక్కటి వేసేది, కుదిరితే బెల్లంముక్క పెట్టేది.

అలాంటి మనిషికి పెద్దతనంలో మరుపు జబ్బు వచ్చింది. ముందు ఊళ్ళ పేర్లు, తరవాత నా మొహం, ఆఖరికి మంచం దగ్గర్నుంచి వంటింటి మలుపు తిరిగి బాత్‌రూమ్‌కి వెళ్ళే దారి కూడా మరిచిపోయింది. ఓ మధ్యాహ్నం దారి తోచక నడవలోనే చీర తడుపుకుని, గోడవైపు తిరిగి చిన్నపిల్లలా ఏడ్చింది. మడీ శుభ్రం అంటూ బతికిన మనిషి. ఆ సిగ్గు మళ్ళీ ఆవిడకి రానీయకు తండ్రీ అని మా వినాయకుడికి మొక్కుకున్నాను.

ఎంత మరిచినా, ముగ్గు కనిపిస్తే ఆవిడ చూపు దాని మెలికల వెంటే పోయేది. అది తలచుకుని మర్నాడు మంచం నుంచి బాత్‌రూమ్ గుమ్మం దాకా, నడవ మధ్యన, పొడుగ్గా ముగ్గు వేశాను. ఆవిడ లేచి, అడుగు ఎత్తి, ఆగిపోయింది.

"ముగ్గు తొక్కమంటావేటే? బుద్దుందా నీకు?"

అన్నీ మరిచిన మనిషికి అది గుర్తుంది, మరిచింది నేనే. చెరిపేసి, అవే మెలికలు దారికి అటూ ఇటూ చీర అంచుల్లా వేశాను. ఈసారి ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని, పొలం గట్టు మీద నడిచినట్టు ఆ రెండింటి మధ్య నిదానంగా వెళ్ళి, వచ్చి, మంచం మీద కూర్చుని నన్ను తేరిపార చూసింది.

"ఎవుల గుంటవే నువ్వు, ఏ ఇంటి పిల్లవే? మీ యమ్మ ముగ్గులు బాగా నేర్పినాదే."

అవునమ్మా, అమ్మే నేర్పిందన్నాను.

చెరిగిపోకుండా తరవాత రంగుతో దిద్దాను. పోయేదాకా ఆవిడకి మళ్ళీ ఆ సిగ్గు రాలేదు, దేవుడి దయ.

రేపట్నించి అద్దంలాంటి టైల్స్. వాటి మీద పిండి నిలవదట; గుమ్మంలో స్టిక్కరు ముగ్గు అంటిస్తారట. వీధిలో చాలా ఇళ్ళల్లో అవే, అందరమూ తొక్కుకుంటూనే తిరుగుతున్నాం.

ఇందాక లేచి, కళ్ళు మూసుకుని, ఆ అంచుల మధ్య ఒక్కసారి నడిచాను. వంటింటి మలుపు దగ్గర, నేను తలచుకోకముందే పాదాలు తిరిగాయి.