చలికాలంలో తడిగుడ్డ

ఆ రోజుల్లో లోకంలోని తప్పులన్నీ ఎవరూ సరైన ప్రశ్న అడగకపోవడం వల్లే మిగిలిపోయాయని నా గట్టి నమ్మకం. మేడ్చల్ నుంచి బస్సులో కళాశాలకు వెళ్ళి చర్చాపోటీల్లో రెండు బహుమతులు గెలిచిన వాడికి (రెండవది ప్రోత్సాహక బహుమతి, ఇంట్లో చెప్పలేదు) అంతకంటే చిన్న నమ్మకం ఎలా సరిపోతుంది? ప్రశ్నించదగిన వస్తువు అత్వెల్లిలో మా పెద్దనాయిన వాకిట్లోనే దొరికింది. అది నేను పుట్టకముందు ఆయన కొన్న కారు.

ఆ చలికాలం అది పొద్దుటిపూట కదలనని మొండికేసింది. ఇరవై ఏళ్ళుగా దాన్ని బాగుచేస్తున్న ఉస్తాద్ చెవి ఆనించి విని, "పటేలా, ఇంజన్ల జాన్ లేదు, పానం పోయింది. ఇగ ఇడ్సిపెట్టుండ్రి" అని తీర్పిచ్చాడు. పాత ఇనుము కొనేవాడు ఆదివారం వస్తానన్నాడు. పెద్దనాయిన సరిగా అన్నం తినడం లేదని ఆయన తల్లి, మా అవ్వ, దిగులుపడింది.

నేను ఇంజను మూత ఎత్తి చూస్తే, పెట్రోలును గాలితో కలిపే కార్బరేటర్ మీద తడిగుడ్డ ఉంది. ఎండాకాలంలో ఇంజను వేడికి పెట్రోలు ఆవిరై బండి ఆగిపోకుండా అలా చుట్టడం అందరూ చేసేదే. ఉస్తాద్ దాన్ని నియమంగా మార్చి, వణికించే చలిలోనూ రోజూ పొద్దున్నే తడిపేవాడు. చల్లబడిన పెట్రోలు గాలిలో ఎలా కలుస్తుందని అడిగాను.

"గీ గుడ్డతోనే ఇరవై ఏండ్లు నడిచింది, చిన్న పటేలా."

నిజమే. అయితే ఆ ఇరవై ఏళ్ళూ కారు బర్రెల కొట్టంలో, వాటి ఊపిరి వెచ్చదనంలో నిద్రపోయింది. ఆ ఏడే కొట్టం కూల్చి దాన్ని వాకిట్లో నిలిపారు. ఈ సంగతి సభాముఖంగా నిరూపిస్తానని మూడు పొద్దులు గడువు అడిగాను. మొదటి పొద్దు తడిగుడ్డతో ఇంజను పలకలేదు. రెండవ పొద్దు గుడ్డ తీసేస్తే రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడవది ఆదివారం. ఇనుము కొనేవాడు మోకుతో సహా వచ్చి నిలబడ్డాడు. పెద్దనాయిన స్నానానికి కాగిన నీళ్ళను అవ్వ బిందెతో తెచ్చింది. వేడి గుడ్డ చుట్టే ముందు, ఇంతమంది శ్రోతలు మళ్ళీ దొరకరని, వేడికీ పెట్రోలుకూ గల సంబంధాన్ని ఆమూలాగ్రం వివరించాను. తరువాత గుడ్డ ముంచి చుట్టాను. ఇంజను ఉలకలేదు. మోకు విప్పుతున్న చప్పుడు వినిపించింది.

అవ్వ బిందెలో వేలు పెట్టి చూసింది. "నీ ముచ్చట ఒడిసేదాకా నీళ్లు ఆగుతయా బిడ్డా? సల్లగైనయ్. పో, పొయ్యి ఊదు."

ఊదాను. రెండవ బిందె పొగలు కక్కుతుండగా, ఉస్తాద్ తానే గుడ్డ ముంచి, కార్బరేటర్ నుంచి ఇంజనులోకి పెట్రోలు పోయే కింది గొట్టానికి చుట్టాడు. పెద్దనాయిన తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారి గొంతు సవరించుకుని, ఇనుము కొనేవాడి తెల్ల చొక్కా మీద ఇరవై ఏళ్ళ మసిని ఊది, అందుకుంది. స్నానం కూడా చేయకుండా పెద్దనాయిన మమ్మల్నందరినీ ఎక్కించుకుని శామీర్‌పేట దాకా తీసుకెళ్ళి, తిరిగొచ్చి రెండుసార్లు అన్నం వడ్డించుకున్నాడు.

ఇప్పుడు జుట్టు నెరిసింది. ఏ సభలో మాట్లాడటానికి లేచినా ఎక్కడో బిందెలో నీళ్ళు చల్లారిపోతున్నట్టు అనిపించి, నాలుగు మాటల్లో ముగించి కూర్చుంటాను. మంచి వక్తనని అందరూ అంటున్నారు. పొయ్యి ఊదిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.